వెట్ టంబ్లర్‌తో పద్నాలుగు నెలలు: మెషిన్‌కి ఓకే, పిన్నులకి నమస్కారం

కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాల్ని నీళ్ళలో తిప్పి కడిగే మెషిన్ ఇది. ముందే చెప్పేస్తున్నా, మెషిన్ మంచిదే, కొనుక్కోండి. కానీ దాంతోపాటు డబ్బాలో ఐదు పౌండ్ల స్టీలు పిన్నులు వస్తాయి చూశారా, ఆ సంచి మూతి కూడా విప్పకుండా గరాజ్‌లో ఏదో మూలన పెట్టేయండి. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు, రెండు రబ్బరు రింగులు, కిచెన్ సింకు కింద ఉండి తిండి చెత్తని నూరేసే గార్బేజ్ డిస్పోజల్ ఒకటి, మా ఆవిడ వడియాల కోసం కొనుక్కున్న డీహైడ్రేటర్ ఒకటి ఖర్చయ్యాయి.

నేనుండేది డాలస్‌కి ఉత్తరాన. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాదికి ఆఫీసులో ఒకాయన తుపాకీ కాల్చే రేంజ్‌కి తీసుకెళ్తే సరదాగా మొదలైంది, ఇప్పుడు ప్రతి శనివారం పొద్దున్నే వెళ్ళకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. (హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్న తమ్ముళ్ళకి ఒక మాట. మీకు ఫెడరల్ చట్టం తుపాకీనే కాదు, తూటాలు కూడా దగ్గర పెట్టుకోనివ్వదు, హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. ఫ్రెండు గన్నే కదా అని ఊరికే చేతిలోకి తీసుకునేముందు లాయర్‌ని అడగండి.) కొన్నాళ్ళకి తూటాల ఖర్చు చూసుకుని రీలోడింగ్‌లోకి, అంటే కాల్చేసిన తూటాల్ని ఇంట్లోనే మళ్ళీ నింపుకునే పనిలోకి దిగాను. కాల్చిన తూటాలో ముందుండే మొన, అంటే బుల్లెట్ ఎగిరిపోతుంది, తుపాకీ మందు కాలిపోతుంది, అడుగున దానికి నిప్పంటించే ప్రైమర్ పేలిపోతుంది, మిగిలేది ఇత్తడి గొట్టం ఒక్కటే. అదే మొత్తంలో ఖరీదైన భాగం, మళ్ళీ మళ్ళీ వాడుకోగలిగేదీ అదే. దాన్ని ఇక్కడ బ్రాస్ అనో, కేసు అనో అంటారు. ఆ మధ్య ఫోన్లో మా బావగారితో "గరాజ్‌లో నాలుగు వేల కేసులున్నాయి బావా, ఒక్కటీ తెమలట్లేదు" అన్నాను. ఆయన తణుకులో వకీలు. ఒక్క క్షణం ఆగి "సివిలా, క్రిమినలా?" అన్నాడు.

అసలు కడగడం ఎందుకు అని అడిగేవాళ్ళుంటారు. మెరుపు కోసం కాదు. రేంజ్‌లో నేల మీంచి ఏరుకొచ్చిన కేసుకి ఇసుక ఉంటుంది, మసి ఉంటుంది. ఆ ఇసుకతోనే డైలోకి (కేసుని నొక్కి మళ్ళీ సరైన కొలతకి తెచ్చే అచ్చు) తోస్తే ఖరీదైన డై లోపల గీతలు పడతాయి, ఆ తర్వాత వచ్చే ప్రతి కేసు మీదా అదే గీత దిగుతుంది. రెండోది, మసి ఉన్న కేసు మీద సన్నటి చీలిక కనపడదు. నాలుగైదుసార్లు కాల్చిన .308 (ఇదో రైఫిల్ తూటా సైజు) కేసుకి అడుగునుంచి అర అంగుళం లోపే చుట్టూ తెల్లటి గీతలాంటిది పడుతుంటుంది, అది తెగిపోయే ముందు ఇచ్చే సూచన. పేపర్ క్లిప్పు కొస వంచి లోపల గీకితే గాడి తగులుతుంది. అలాంటి దాన్ని మళ్ళీ నింపితే సగం ముక్క బయటికొచ్చి సగం ముక్క తుపాకీలోనే ఉండిపోవచ్చు. ఈ గీత కనపడేంత శుభ్రంగా ఉంటే నాకు చాలు.

మొదట్లో అందరిలాగే డ్రై టంబ్లర్ కొన్నాను. గిన్నెలాంటి దాంట్లో మొక్కజొన్న కంకి పొడో, వాల్‌నట్ పెంకు పొడో పోసి, కేసులు వేసి స్విచ్ నొక్కితే మూడు గంటలు గడగడమని ఊగుతుంది. చవక. పెంకు పొడి కూడా గన్ షాపులో కొనక్కర్లేదు, పెంపుడు జంతువుల షాపులో బల్లుల కింద పరవడానికి అమ్ముతారు, అదే సరుకు సగం ధరకి. కేసులు బాగానే తేలేవి. సమస్యల్లా దుమ్ము. చాలా ప్రైమర్ల మందులో లెడ్ స్టిఫ్నేట్ ఉంటుంది, అంటే సీసం. కాల్చినప్పుడు అది కేసులో, ప్రైమర్ గుంటలో బూడిదలా అంటుకుంటుంది, డ్రై టంబ్లర్ దాన్ని రాల్చి పొడిలో కలుపుతుంది, మీరు జల్లెడ పట్టగానే అది గాల్లోకి లేస్తుంది. బట్టల డ్రయ్యర్‌లో వేసే షీటు ముక్కలు చించి వేస్తే కొంత దుమ్ము పట్టుకుంటుంది గానీ, ఆ షీటు బయటికి తీసి చూస్తే బొగ్గు రంగులో ఉంటుంది. మూత తీసేటప్పుడు అది మన ముక్కులోకీ వెళ్తోందన్న మాటేగా.

మా పాపకి రెండేళ్ళప్పుడు మామూలు చెకప్‌లో రక్తంలో సీసం టెస్ట్ చేశారు. 2 వచ్చింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు 2021లో పెట్టిన హద్దు డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు, దానికి లోపే ఉంది, కంగారేం లేదంది డాక్టరమ్మ. అని ఊరుకోకుండా "ఇంట్లో ఎవరైనా షూటింగ్‌కి వెళ్తారా?" అని మామూలుగా అడిగింది. మా ఆవిడ నావైపు తిరగను కూడా తిరగలేదు. కారెక్కాక ఒకటే మాట, "ఆ ఊగే డబ్బా ఇంకోసారి ఆన్ చేస్తే నేను చూస్తూ ఊరుకోను." పాపకి ఆ రెండు పాయింట్లు నా గరాజ్ వల్లే వచ్చాయని రుజువేమీ లేదు. అయినా ఆ రాత్రే వెట్ టంబ్లర్ ఆర్డర్ పెట్టాను.

ఇప్పుడు అసలు సరుకు సంగతి. నేను కొన్నది రెండు వందల డాలర్ల చిల్లర. అడ్డంగా పడుకోబెట్టిన ఏడు లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, లోపల రబ్బరు పొర, రెండువైపులా పారదర్శకంగా ఉండే మూతలు, కింద తిప్పే రోలర్లు, మూడు గంటల దాకా టైమరు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఈ రకంవి నాలుగైదు కంపెనీలవి ఉన్నాయి, నేను చెప్పబోయేది దాదాపు అన్నిటికీ పనికొస్తుంది.

డ్రమ్ములో కేసులు, పిన్నులు, ఒక గాలన్ నీళ్ళు. అందులో అంట్లు తోమే లిక్విడ్ ఒక పెద్ద చెంచా, నిమ్మ ఉప్పు పావు చెంచా. ఇక్కడందరూ లెమీ షైన్ అని డిష్‌వాషర్‌లో వేసే పొడి వాడతారు, దాంట్లో పనిచేసేది సిట్రిక్ యాసిడ్డే. ఇండియన్ స్టోర్లో దొరికే నిమ్మ ఉప్పూ అదే. మూత బిగించి గంటన్నర తిప్పి, తెరిస్తే వచ్చే నీళ్ళు చూడాలి, ఇంజన్ ఆయిల్ పారబోసినట్టు నల్లగా ఉంటాయి. ఆ నలుపంతా ఇన్నాళ్ళూ గాల్లో ఎగిరిందే. ఈ ఒక్క దృశ్యానికే మెషిన్ డబ్బులు వచ్చేశాయి అనుకున్నాను. తడిలో ఉన్న సీసం ఎగరదు. గ్లౌజులు వేసుకుంటాను, ఆ నీళ్ళు బకెట్లో తేరనిచ్చి మడ్డిని వేరుగా సీసాలో పట్టి, హానికర చెత్త తీసుకునే చోట ఇచ్చేస్తాను. తోటలోనూ, కిచెన్ సింకులోనూ మాత్రం పోయకండి (సింకు కథ కింద వస్తోంది).

మొదటి రోజు బయటికి తీసినవి 9 ఎంఎం (పిస్టల్ తూటా సైజు) కేసులు, రెండు వందలు. నిజంగా చెప్తున్నా, సంక్రాంతికి తోమిన బిందెల్లా ఉన్నాయి. లోపల కూడా మెరుపే. ప్రైమర్ గుంట మూలల్లో చిన్న నల్ల చుక్క కూడా లేదు. (ముందే డీక్యాప్ చేసి, అంటే పాత ప్రైమర్ ఊడగొట్టి వెయ్యాలి. అలాగే వేస్తే గుంటలో నీళ్ళు చేరి మూడు రోజులైనా ఆరవు.) ఫొటోలు తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు, ఒక్క అమ్మ తప్ప. "చింతపండు వేసి తోముకునే దానికి మోటారు దేనికిరా?" అని వాయిస్ మెసేజ్.

ఆ వేసవిలో అమ్మ వచ్చినప్పుడు ఈ వాదన గరాజ్‌లో తేల్చుకున్నాం. మా ఊరికి దగ్గర్లోనే అజ్జరం, ఇత్తడి సామాన్లకి పేరున్న ఊరు, మా నాయనమ్మ గుండిగలు అక్కడివే, అమ్మ వాటిని ముప్ఫై ఏళ్ళు తోమింది. ఇత్తడి గురించి నాకు ఆవిడ దగ్గర వాదించే అర్హత లేదు. ఇరవై కేసులు ఇచ్చాను, గ్లౌజులు వేసుకోమని బతిమాలి. నానబెట్టిన చింతపండు గుజ్జు, ఉప్పు, కాస్త పిసుకుడు, ఐదు నిమిషాలు. బయటి వైపు నా మెషిన్ గంటన్నరలో తెచ్చిన రంగు వచ్చేసింది! చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నా డ్రమ్ములో సిట్రిక్ ఆమ్లం, రెండూ ఇత్తడి మీద పేరుకున్న ఆక్సైడుని కరిగిస్తాయి. ఊళ్ళో రుద్దడానికి ఇటుక పొడి, ఇక్కడ స్టీలు పిన్నులు. తిప్పేది అక్కడ అమ్మ చెయ్యి, ఇక్కడ మోటారు. అంతకంటే తేడా ఏమీ లేదు. కాకపోతే అమ్మ వేలు 9 ఎంఎం కేసు లోపలికి పోదు, పైగా నా దగ్గరున్నవి నాలుగు వేల కేసులు. అక్కడికి మ్యాచ్ డ్రా అని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఆ ఇరవైలో ఆరు కేసులు చింతపండు నీళ్ళలోనే రాత్రంతా ఉండిపోయాయి. పొద్దున్నే చూస్తే గులాబీ రంగు. తూటా ఇత్తడి అంటే 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. ఎక్కువసేపు ఆమ్లంలో నానితే పై పొరలో జింకు కరిగిపోయి రాగి తేలుతుంది. అమ్మ దానికి "ఏమీ కాదు, మళ్ళీ తోమితే పోతుంది" అంది గానీ గిన్నె వేరు, లోపల మందు పేలి వేల పౌండ్ల ఒత్తిడి తట్టుకోవాల్సిన గొట్టం వేరు. ఆరూ చెత్తలో వేశాను. అందుకే నిమ్మ ఉప్పు పావు చెంచా అన్నాను, ఇంకాస్త మెరుపు వస్తుందని చెంచా నిండా వెయ్యకండి, పని కాగానే వెంటనే మంచినీళ్ళతో కడిగెయ్యండి.

ఇంకో పొరపాటు కొంతమంది చేస్తారు, ఇంట్లో కుందులకి వాడే మెటల్ పాలిష్ పట్టించడం. వాటిల్లో కొన్నిట్లో అమ్మోనియా ఉంటుంది. ఇత్తడికి అమ్మోనియా పడదు, వంగిన, నొక్కుకున్న చోట చీలుస్తుంది. ఇది కనిపెట్టింది కూడా మన దేశం తూటాల వల్లే. బ్రిటిష్ సైన్యం ఇండియాలో వానాకాలం తూటాల్ని గుర్రాల సాలల్లో దాచేది, వానలు వెలిశాక తీసి చూస్తే కేసులు వాటంతటవే చీలి ఉండేవి. వానాకాలంలో వచ్చేది కాబట్టి దాన్ని సీజన్ క్రాకింగ్ అన్నారు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిని సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి చేసే పని అని 1921లో తేలింది. కేసుల్ని కాస్త వేడి చేసి ఆ బిగువు తీసేస్తే జబ్బు పోయింది. కాబట్టి పాలిష్ డబ్బా మీద ఏముందో చదవండి.

ఇక పిన్నులు. ఒక్కోటి పావు అంగుళం పొడవు, బొమ్మలకి గుచ్చే గుండుసూది ముక్కలా ఉంటుంది, ఐదు పౌండ్లంటే ఎన్ని వేలో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. పనిచేస్తాయా అంటే బ్రహ్మాండంగా చేస్తాయి. ఆ తర్వాత అవి మీతోనే కాపురం పెడతాయి. డ్రమ్ములోంచి జల్లెడలోకి, జల్లెడలోంచి బకెట్లోకి, మేజోడుకి గుచ్చుకుని ఇంట్లోకి. మొన్నటికి మొన్న పాప ఆట సామాన్ల బుట్టలో ఒకటి దొరికింది. కిచెన్ సింకులో కడగడం నాదే బుద్ధి తక్కువ, ఒప్పుకుంటా, డిస్పోజల్ ఆన్ చేయగానే వచ్చిన శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. కొత్తది వేయించాల్సి వచ్చింది.

ఇవన్నీ ఇంటి గోల అనుకోండి. అసలు భయం వేరే ఉంది. .223 రైఫిల్ కేసు మెడ సన్నగా ఉంటుంది కదా, రెండు పిన్నులు పక్కపక్కన దూరి అడ్డంగా ఇరుక్కుంటాయి, విదిలిస్తే రాలవు. ఒక్కోసారి ఫ్లాష్ హోల్‌లో (ప్రైమర్ నిప్పు మందుకి అందే చిన్న రంధ్రం) ఒకటి నిలువుగా దిగబడుతుంది. అది చూసుకోకుండా మందు పోసి బుల్లెట్ పెట్టేస్తే ఆ స్టీలు ముక్క బుల్లెట్ వెనకే బ్యారెల్‌లోంచి పోవాలి. అందుకని ప్రతి కేసునీ లైటు కింద పెట్టి లోపల చూడాలి. నాలుగు వందల కేసుల్ని ఒక్కొక్కటిగా కంటి ముందు పెట్టుకుని చూస్తూ కూర్చున్న ఒక ఆదివారం సాయంత్రం, మూడు వందల ఏదో నంబరు దగ్గర ఒకటి దొరికింది, దొరకగానే ముందు సంతోషం వేసింది, తర్వాత వెనక్కి తిరిగి పక్కన పెట్టినవన్నీ మళ్ళీ మొదట్నుంచి చూశాను.

అంత శుభ్రం మంచిది కూడా కాదేమో అని నాకు అనుమానం. డ్రైలో తీసిన కేసుకి మెడ లోపల సన్నటి మసి పొర మిగులుతుంది, అదే నూనెలా పనిచేస్తుంది. పిన్నులతో కడిగిన కేసుకి అది కూడా ఉండదు, సైజింగ్ డైలోంచి వెనక్కి లాగేటప్పుడు మెడని లోపల్నుంచి సరైన వెడల్పుకి తెచ్చే ఎక్స్‌పాండర్ గుండు కీచుమంటుంది, చేతికి ఆ రాపిడి తెలుస్తుంది. ఒకసారి .308 కేసుల్ని మర్చిపోయి మూడు గంటలు తిప్పాను, ఒకదాన్నొకటి గుద్దుకుని మూతుల అంచులు సుత్తితో కొట్టినట్టు మొద్దుబారాయి, మళ్ళీ అన్నిటికీ అంచు చెక్కుకోవాల్సి వచ్చింది.

అప్పట్నుంచి పిన్నులు మానేశాను. ఉత్త కేసులు, నీళ్ళు, లిక్విడ్, నిమ్మ ఉప్పు, ఒక గంట. బయట మెరుపు అంతే వస్తుంది. లోపల కాస్త బూడిదరంగు ఉంటుంది, ప్రైమర్ గుంటలో కొంచెం మసి మిగులుతుంది, ప్రైమర్ సరిగ్గానే కూర్చుంటుంది, కాగితం మీద గురిలో నాకేమీ తేడా కనపడలేదు. ముఖ్యంగా దుమ్ము లేదు.

వేసేముందు ఏరుకోవడం మాత్రం తప్పదు. 9 ఎంఎం కేసు అంతకంటే పెద్ద సైజు .40 లోకి దూరుతుంది, .40 పోయి ఇంకా పెద్దదైన .45 లోకి దూరుతుంది, డ్రమ్ములో తిరుగుతూ రష్యన్ బొమ్మల్లా ఒకదాంట్లో ఒకటి బిగుసుకుపోతాయి, ఇంక ప్లయర్సే గతి. అయస్కాంతం తిప్పి స్టీలు కేసులు తీసెయ్యండి. .22 రిమ్‌ఫైర్‌వి (వేరే ప్రైమర్ లేకుండా అంచులోనే ఆ మందు ఉండేవి) మామూలు పద్ధతిలో రీలోడ్‌కి పనికిరావు, అవీ తీసెయ్యండి.

ఆరబెట్టడం. మెషిన్ అమ్మేవాళ్ళు దీని గురించి ఒక్క మాట కూడా ఎందుకు చెప్పరో ఇప్పుడర్థమైంది. తడి కేసులో మందు పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. జూలైలో బాధ లేదు, టెక్సస్ ఎండకి పాత దుప్పటి పరిచి మిరపకాయల్లా ఎండబోస్తే మధ్యాహ్నానికి గలగలమంటాయి. డిసెంబర్లో చచ్చాం. ఒవెన్‌లో పెడదామనుకునేరు, వద్దు. ఇత్తడి సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర్నుంచి మెత్తబడటం మొదలెడుతుంది, అడుగు మెత్తబడ్డ కేసు కాల్చడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే, పైగా అది అన్నం వండుకునే చోటు. ఇదంతా తెలిసిన తెలివైనవాణ్ణి, మరి డీహైడ్రేటర్ ఎందుకు వాడానని మా ఆవిడ అడిగింది. కడిగేశాక సీసం ఏముంటుందిలే అనుకున్నాను. తను అందులో మొదటిసారి వడియాలు పెట్టబోతే ట్రే మూలన ఒక పిన్ను కనపడింది. ఆ డీహైడ్రేటర్ ఇప్పుడు గరాజ్‌లో శాశ్వతంగా నాది, దాని మీద ఎర్ర మార్కర్‌తో "తిండికి వాడరాదు" అని తన చేతిరాతే. ఇంట్లోకి కొత్తది కొన్నాం. కాబట్టి మెషిన్ ధరకి ఇంకో యాభై, అరవై డాలర్లు కలిపే లెక్కేసుకోండి. అందులో పెడితే గంటలో ఆరిపోతాయి, మరకలు కూడా పడవు.

మెషిన్ లోపమంటూ చెప్పాలంటే మూత దగ్గర రబ్బరు రింగు. ఐదో నెలలో కారడం మొదలైంది, పొద్దున్న లేచి చూస్తే గరాజ్ నేల మీద నల్లటి మడుగు. కంపెనీకి రాస్తే ఉచితంగానే పంపారు, కాకపోతే మూడు వారాలు పట్టింది. రెండోది పదకొండో నెలలో పోయింది. కారణం రింగు నాసిరకమా, లేక నేను ప్రతిసారీ గాడిలో ఇసుక తుడవకుండా మూత బిగించడమా అంటే, సగం సగం అనుకుంటా. ఇప్పుడు తుడిచి బిగిస్తున్నా, మూడు నెలలుగా చుక్క కారలేదు. డ్రమ్ము నిండా నింపి తిప్పితే మోటారు కూడా మూలుగుతుంది, ముప్పావు వంతు దాటించకండి. శబ్దం మాత్రం డ్రై దానికంటే చాలా తక్కువ, పక్కింటాయన ఇప్పుడు నన్ను చూసి నవ్వుతున్నాడు.

పాత డ్రై టంబ్లర్ పారెయ్యలేదు. రైఫిల్ కేసులకి సైజింగ్ అయ్యాక అంటుకునే జిడ్డు తియ్యడానికి పావుగంట దానిదే పని, అదీ కడిగిన కేసులకే, పెరట్లో, మాస్కు పెట్టుకుని. పాపకి మొన్న మూడో ఏట మళ్ళీ టెస్ట్ చేయించాం, 1 కంటే తక్కువ వచ్చింది.

అయిదుకి నాలుగు. రింగుకి అర, పిన్నులకి అర తీసేశాను. కొనేవాళ్ళు ఆ రోజే ఇంకో రబ్బరు రింగు కూడా ఆర్డర్ పెట్టుకోండి. ఇండియా వెళ్ళేవాళ్ళు రేంజ్ బ్యాగు, జేబులు, చెప్పుల సందులు కూడా దులిపి చూసుకోండి, అక్కడి 1959 ఆయుధ చట్టంలో తూటా భాగాలు కూడా తూటాల కిందికే వస్తాయి. అమ్మ తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుతుంటే మెరిసే .45 కేసు ఒకటి చీర మడతలో కనిపించింది, బొమ్మల కొలువులో చెంబులా పెడదామనుకుందట. నెమ్మదిగా తీసేసుకున్నాను.